విశాఖ మేడ మీంచి హౌమియా: 8 అంగుళాల న్యూటోనియన్‌కి చిక్కుతుందా?

మధురవాడ_డాబా:
8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్), ఈక్వటోరియల్ మౌంట్ (భూభ్రమణానికి తగ్గట్టు తిరిగే స్టాండ్), 3.76 మైక్రాన్ పిక్సెళ్ల కూల్డ్ మోనో (చల్లబరిచే నలుపు-తెలుపు) కెమెరా ఉన్నాయి. ప్లూటో బాగా కనబడే జులై చివర మనకి మబ్బులే. అందుకే ఏప్రిల్‌లో, నెప్ట్యూన్ అవతల తిరిగే మరుగుజ్జు గ్రహం హౌమియాని పట్టుదామని. మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 17.3. ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలి? అన్ని చుక్కల్లో అదేదో ఎలా తేలుతుంది? లైట్ పొల్యూషన్ ఫిల్టర్ పెట్టాలా?

స్వాతి_చుక్క:
చిక్కుతుందండీ. అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రాత్రుల్లో 60 సెకన్లవి 45 ఫ్రేములు తీసి స్టాక్ చేయండి (ఒకదానిమీదొకటి కలపండి). నెబ్యులా ఫిల్టర్ వద్దు. హౌమియాది మంచు మీద పడి తిరిగొచ్చే సూర్యకాంతి, ఆ ఫిల్టర్ దాన్నీ కోసేస్తుంది. కనిపించే వెలుగంతా వదిలే లూమినెన్స్ ఫిల్టర్ చాలు.

స్థానానికి నాసా జేపీఎల్ వాళ్ల హొరైజన్స్ సైట్‌లో హౌమియా నంబరు 136108 కొట్టండి. స్వాతి నక్షత్రానికి కాస్త ఆగ్నేయంగా ఉంటుంది. ఫోన్ యాప్‌ని నమ్మకండి, కక్ష్య లెక్కలు పాతవైతే పక్క చుక్కని చూపిస్తుంది. టైమ్ యూటీసీలో (గ్రీన్‌విచ్ టైమ్) తీసుకోండి. అయిదున్నర గంటలు తేడా కొడితే స్థానం 14 ఆర్క్‌సెకన్లు (ఒకటంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది, మీ కెమెరాలో 18 పిక్సెళ్లు. చాలామంది తప్పు చుక్కకి బాణం గుర్తు పెట్టేది ఇక్కడే.

మర్నాడు అదే చోట మళ్లీ తీసి, ప్లేట్ సాల్వ్ చేసి (ఫోటో ఆకాశంలో ఏ చోటిదో సాఫ్ట్‌వేర్‌తో తేల్చి) రెండూ బ్లింక్ చేయండి (మార్చి మార్చి చూడండి). హౌమియా గంటకి 2.5 ఆర్క్‌సెకన్లు, అంటే రోజుకి ఒక ఆర్క్‌మినిట్ కదులుతుంది. గంటకి 30 ఆర్క్‌సెకన్లు పరిగెడితే అది మామూలు గ్రహశకలం.

భీమిలి_గాలి:
ఒక చిక్కు ఎవరూ చెప్పలేదు. విశాఖ అక్షాంశం 17.7, హౌమియా డిక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) +15 దగ్గర. అంటే ఏప్రిల్ చివర అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తుంది. గాలిపొర పలచన, అదృష్టమే. కానీ ట్యూబు కింది చివర ట్రైపాడ్ కాలికి తగలొచ్చు. పగలే కెమెరా బిగించి ఒకసారి తిప్పి చూడండి, తగిలితే పియర్ ఎక్స్‌టెన్షన్ (మౌంట్‌ని ఎత్తు చేసే గొట్టం) వేయండి. ఆల్ట్-అజిమత్ మౌంట్ (పైకీ కిందకీ, పక్కలకీ తిరిగేది) అయితే నడినెత్తిన ట్రాకింగే తప్పుతుంది.

కెమెరాని −20కి పెట్టకండి. రాత్రి 28 డిగ్రీలుంటే కూలర్ నూటికి నూరు పనిచేసినా అందుకోదు, డార్కులు (మూత పెట్టి అదే ఉష్ణోగ్రతలో తీసే ఫ్రేములు) సరిపోవు. −5 చాలు. సముద్రపు తేమకి సెకండరీ అద్దం (ట్యూబు పైచివరి చిన్న అద్దం) మీద నీటిచెమ్మ పడుతుంది, దాన్ని ఆపే డ్యూ హీటర్ తప్పనిసరి.

మధురవాడ_డాబా:
హౌమియా 3.9 గంటలకోసారి తనచుట్టూ తాను తిరుగుతుంది కదా, వెలుగు తేడా పట్టగలనా?

స్వాతి_చుక్క:
కోడిగుడ్డు కన్నా సాగిన ఆకారం కాబట్టి ఒక చుట్టులో రెండుసార్లు వెలిగి రెండుసార్లు మసకబారుతుంది. తేడా 0.28 మాగ్నిట్యూడ్ దాకా. పది నిమిషాల స్టాకుల్లో మీ కొలత పొరపాటు 0.05 లోపు రావాలి. కష్టమే, అసాధ్యం కాదు. అసలు ప్రమాదం మెరిడియన్ ఫ్లిప్ (నడినెత్తి గీత దాటాక మౌంట్ టెలిస్కోప్‌ని అటువైపు తిప్పేయడం). ఫ్లాట్లు (కెమెరా అంతటా వెలుగు తేడాల్ని సరిదిద్దే ఫ్రేములు) సరిగా లేకపోతే ఫ్లిప్ తర్వాత వెలుగు ఒక్క గెంతు గెంతుతుంది, గ్రాఫులో అది భ్రమణంలాగే కనిపిస్తుంది. ఫ్లిప్‌కి ముందూ తర్వాతా అవే పోలిక నక్షత్రాలు (వెలుగు మారని పక్క చుక్కలు) వాడండి. అవి కూడా గెంతాయంటే తప్పు ఫ్లాట్లదే.

భీమిలి_గాలి:
పోలిక నక్షత్రాల మాగ్నిట్యూడ్లు గాయా అంతరిక్ష టెలిస్కోప్ కేటలాగ్ నుంచి తీసుకోండి, 17కి అటూఇటూవి అయిదారు చాలు.