అప్‌డేట్: నాన్న నోటిపూతకు ఎర్రటి కాంతి చికిత్స

బుగ్గ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న నాన్న నోరంతా పూసి మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నారని, లేజర్ కాంతి చికిత్స చేయించవచ్చా అని నెలన్నర క్రితం అడిగాను. జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చేయించాం.

నేను భయపడినట్టు ఇందులో కాల్చడం, కోయడం ఏమీ లేవు. ముందు నాన్నకు, పక్కనున్న నాకు కూడా నల్ల కళ్లద్దాలు పెట్టారు. పెన్నులాంటి పరికరాన్ని పెదవి లోపల, బుగ్గ మీద, నాలుక అంచున ఒక్కో చోట కొన్ని సెకన్లు ఆనించారు. వేడి కూడా తెలియలేదన్నారు నాన్న. ఆ కాంతి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఉత్తేజపరిచి, వాపు తగ్గించి, పుండు మానడానికి తోడ్పడుతుందని డాక్టరు వివరించారు. కణితి ఉన్న చోట మాత్రం తగలనివ్వలేదు.

ఒక్కరోజులో తగ్గలేదు. ఉప్పు, వంటసోడా నీళ్ల పుక్కిలింత, నొప్పి మందులు సాగుతూనే ఉన్నాయి. ఆరో రోజున రాగిజావ చల్లార్చి ఇస్తే, చెంచా పక్కన పెట్టి గ్లాసుతోనే తాగారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

నా బాధల్లా ఒక్కటే. ఇది అసలు పుండ్లు రాకముందే, రేడియేషన్ మొదటి రోజు నుంచే చేయాల్సింది. 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు తల, మెడ రేడియేషన్ రోగులకు నివారణ కోసమే దీన్ని సిఫార్సు చేశాయి. మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరికైనా రేడియేషన్ మొదలవబోతుంటే ఇప్పుడే అడగండి.

చికిత్స ముగిసి మూడు వారాలైంది. పుండ్లు మానాయి, నోరు మాత్రం ఇంకా పొడిబారుతోంది. నిన్న మెత్తగా కలిపిన పప్పన్నం తిన్నారు.