జాలి పుట్టుకతో వస్తుందా, నేర్పితే వస్తుందా?

మూసీగట్టు: పంజాగుట్టలో బండి జారి ఎవరన్నా పడితే ఇరవై మంది మూగుతారు, చెయ్యేసేది ఒకరో ఇద్దరో. అదే జనం రంజాన్‌కీ బోనాలకీ ముక్కూమొహం తెలియనివాళ్లను పిలిచి పెడతారు. మరి ఈ దయ ఎక్కడ పుడుతుంది? రక్తంలోనా, పెంపకంలోనా? ‘మానవత్వం మంటగలిసింది’ తరహా జవాబులు వద్దు, వాట్సాప్‌లో బోలెడున్నాయి.

పలకాబలపం: విత్తనం పుట్టుకతోనే ఉంటుందండీ. పురిటి వార్డులో ఒక బిడ్డ ఏడుపందుకుంటే పక్క బిడ్డా అందుకుంటుంది. అది ఇంకా దయ కాదు, ఆవలింతలా అంటుకోవడమే. ‘ఇది నా బాధ కాదు, వాళ్లది’ అని తెలిశాకే సాయం మొదలవుతుంది. 2006లో వార్నెకెన్, తొమసెల్లో అనే మనస్తత్వ పరిశోధకులు 18 నెలల పిల్లల ముందు బట్టల క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపారు. 24 మందిలో 22 మంది ఏదో ఒక పనిలోనైనా సాయపడ్డారు, అదీ అడక్కుండానే.

తల్లిదండ్రులు పొరపడేది ఇక్కడే. 2008లో వాళ్లే 20 నెలల పిల్లల్లో కొందరికి సాయం చేసినప్పుడల్లా ఆటవస్తువు ఇచ్చి, తర్వాత ఆపేశారు. ఆ పిల్లల్లో సాయం తగ్గింది. చెల్లికి నీళ్లిస్తే చాక్లెట్ అనే బేరం పెట్టకండి.

పిల్లర్‌నంబర్: విత్తనం సరే, మొలకెత్తడానికి తీరిక కావాలి కదా! 1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు మతబోధన చదివే విద్యార్థుల దారిలో మూలుగుతున్న మనిషిని ఉంచారు. తీరికగా వెళ్తున్నవాళ్లలో 63 శాతం ఆగారు, కాస్త తొందరలో ఉన్నవాళ్లలో 45, బాగా ఆలస్యమైనవాళ్లలో 10. కొందరు వెళ్తున్నది దారిలో పడ్డవాణ్ణి ఆదుకున్న బైబిల్ కథ మీద మాట్లాడటానికే!

గుంపు సంగతి ఇంకోటి. అందరూ ఉన్నారంటే ఎవరూ లేనట్టే. అందుకే ‘ఎవరన్నా ఫోన్ చేయండి’ అని అరవొద్దు. ‘నీలం చొక్కా అన్నా, నువ్వు 108కి కొట్టు’ అని వేలు పెట్టి చూపించండి. మెట్రో పిల్లర్ నంబరు చెప్పించండి, అంబులెన్సు వెతుక్కోదు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి, మాటిమాటికీ ఎత్తి చూడొద్దు. మెడకు దెబ్బ అనుమానముంటే కదపొద్దు.

కొండాపూర్‌కోయిల: ఒక్కటి కలుపుతా. చూసి తట్టుకోలేక మొహం తిప్పుకునేవాళ్లు రాతిగుండెవాళ్లని కాదు. ఎదుటివాళ్ల బాధ మరీ ఎక్కువ మోస్తే మనసు పారిపోయే దారే వెతుకుతుంది. కరుణకు దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు, అంటే కరుణలాగే కనిపించి దాన్ని దెబ్బతీసేది, దుఃఖం అని బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు అయిదో శతాబ్దంలోనే విడదీశాడు. ‘అయ్యో’ దగ్గర ఆగిపోతే దుఃఖం, ‘ఇప్పుడేం చేయాలి’ అనుకుంటే కరుణ. చేతికి పని దొరికితే వణుకూ తగ్గుతుంది.

మూసీగట్టు: బాగుంది. కానీ చాలామందికి అసలు భయం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం గురించే కదా?

పిల్లర్‌నంబర్: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయపడ్డవాళ్ల మీద కేసుండదు. పేరు, చిరునామా ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆస్పత్రిలో దింపేసి వెళ్లిపోవచ్చు.