హ్యావ్‌లాక్ డైవింగ్: నలుగురిలో నవ్వులపాలు చేసే పొరపాట్లు ఏవి?

ఉప్పుటేరు:
వచ్చే నెల నలుగురం అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్ మొదటి కోర్సు) చేస్తున్నాం. బోటు మీద పరువు పోకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి? ఇంకో రెండు: నాకు మైనస్ మూడు సైటు, మాస్క్ సంగతేంటి? గోప్రో తెచ్చుకోవచ్చా?

నీటికాకి:
ముందు ఆ బొటనవేలు ఎత్తే అలవాటు మానుకోండి. పగడాలు చూసి "సూపర్" అని బొటనవేలు ఎత్తితే, ఇన్‌స్ట్రక్టర్‌కి అది "పైకి పోదాం". చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చేస్తాడు, డైవ్ అక్కడితో ఆఖరు. బాగుంది అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఇప్పట్నుంచే ఇంట్లో కూడా సున్నానే వాడండి, లేకపోతే చెయ్యి మాట వినదు.

గేజ్‌ముల్లు:
సిలిండర్ జారడం గురించి ఎవరూ మాట్లాడరేం? బీసీడీ (సిలిండర్ తగిలించుకునే, గాలి నింపే జాకెట్) బెల్టు నైలాన్ది. పొడిగా బిగిస్తే నీళ్లలో తడిసి సాగుతుంది. దూకగానే సిలిండర్ కిందికి జారి తొడల వెనక కొట్టుకుంటుంది, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌ని గొట్టం లాగేస్తుంది. బెల్టు ముందు తడపాలి, తర్వాత బిగించాలి, బీసీడీ పట్టుకుని పైకెత్తి కుదపాలి. కదిలితే మళ్లీ మొదట్నుంచి. సిలిండర్ వాల్వ్‌లోని ఓ-రింగ్ (రబ్బరు రింగు) మన వీపు వైపు చూడాలి. తిరగేసి పెడితే రెగ్యులేటర్ కుడి భుజం బదులు ఎడమ భుజం మీంచి వస్తుంది, అది బోటంతా చూస్తుంది. వాల్వ్ పూర్తిగా తెరిచి పావు తిప్పు వెనక్కి తిప్పండి.

శంఖం:
ఆ పావు తిప్పు మాట కొత్తవాళ్లకి చెప్పకండి, దండం పెడతా. హడావిడిలో ఎటు తిప్పుతున్నామో తెలియక పూర్తిగా మూసేసి పావు తెరిచేవాళ్లు ఉంటారు. బోటు మీద సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే గేజ్ 200 బార్ (అంటే నిండుగా) చూపిస్తుంది, శ్వాస కూడా హాయిగానే ఉంటుంది. 20 మీటర్ల లోతులో ఒక్కో శ్వాసకి పైకంటే మూడింతల గాలి కావాలి, ఆ సందులోంచి అంత రాదు. శ్వాస పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోయి మళ్లీ లేస్తుంది. వాల్వ్ పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. మధ్యలో ఏదీ వద్దు.

గేజ్‌ముల్లు:
పూర్తిగా తెరిచి బిగించి వదిలేస్తే పాత వాల్వ్‌లు ఇరుక్కుపోతాయి. తెరిచుందో మూసుందో తెలియక బలం పెట్టి తిప్పి పాడు చేస్తారు. పావు తిప్పు అందుకే పెట్టారు సార్, ఊరికే కాదు.

శంఖం:
ఇప్పటి వాల్వ్‌లకి ఆ బాధ లేదు. వాల్వ్ పాడైతే మార్చుకుంటాం, కింద గాలి అందకపోతే ఏం మార్చుకుంటావు? గేజ్ చూస్తూ నాలుగు శ్వాసలు పీల్చు, ముల్లు కదలకపోతే దూకు. దీని మీద ఇంక వాదన వద్దు.

ట్యాంక్‌బండ్_తాబేలు:
అన్నా, మీ వాల్వ్ లొల్లి బంద్ చేయుండ్రి. మీసమున్నోళ్లకు మాస్క్‌లకు నీళ్లొస్తయ్, గది చెప్పుండ్రి.

నీటికాకి:
ముక్కు కింద సన్న గీతంత జాగా గొరిగితే చాలు, మాస్క్ అంచు చర్మానికి అతుక్కుంటుంది. మీసమంతా తీసెయ్యక్కర్లేదు. నీళ్లు రావడానికి ఇంకో కారణం నవ్వు. నవ్వితే చెంప మడతపడి అంచు లేస్తుంది. పై అంచు నుదుటికి నొక్కి, తల కాస్త ఎత్తి, ముక్కుతో గాలి వదిలితే నీళ్లు కిందినుంచి పోతాయి.

ట్యాంక్‌బండ్_తాబేలు:
వ్యాజ్‌లిన్ పూసుకుంటే నడుస్తదన్నరు?

శంఖం:
వద్దే వద్దు. గాజుకి అంటితే మసక పోదు. మాస్క్ కొత్తదైతే గాజు లోపల ఫ్యాక్టరీ పొర ఉంటుంది, దానివల్ల మసకబారుతుంది. తెల్ల టూత్‌పేస్ట్ (జెల్ కాదు) వేలితో రుద్ది కడిగి, మళ్లీ ఒకసారి రుద్దాలి. మసకబారకుండా డైవ్‌కి ముందు బేబీ షాంపూ ఒక చుక్క.

లోతుగుండం:
నేను ఇన్‌స్ట్రక్టర్ని. మీరంతా అసలు సంగతి వదిలేశారు: మునగడానికి కట్టుకునే బరువులు. నిండు సిలిండర్‌తో బరువు సరిచూసుకుని సంబరపడతారు. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ గాలి రెండు కిలోల పైనే తూగుతుంది. అది ఖాళీ అయ్యేకొద్దీ సిలిండర్ తేలడం మొదలెడుతుంది. చివర్లో భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సినవాడు అందరి ముందూ బెండులా పైకి తేలిపోతాడు. బరువు 50 బార్ దగ్గర చూడాలి: బీసీడీ ఖాళీ చేసి, మామూలు శ్వాస పట్టి ఉంచితే నీళ్లు కంటి మట్టానికి రావాలి, వదిలితే మునగాలి. నిండు సిలిండర్‌తోనే చూస్తే రెండు కిలోలు కలుపుకోండి. ఇంకోటి, తలకిందులుగా ఉండి బీసీడీ గాలి వదిలే ఎడమ గొట్టం బటన్ ఎంత నొక్కినా గాలి పోదు. గాలి అప్పుడు నడుము దగ్గర ఉంటుంది, వెనక తాడు లాగాలి.

గేజ్‌ముల్లు:
ఇన్‌స్ట్రక్టర్ గారూ, పావు తిప్పు సంగతి మీరైనా తేల్చండి.

లోతుగుండం:
పూర్తిగా తెరవండి. వదిలెయ్యండి.

ఉప్పుటేరు:
సైటు గురించి ఎవరైనా...

శంఖం:
అర పాయింటు తేడాల్లో రెడీమేడ్ లెన్సులున్న మాస్క్‌లు దొరుకుతాయి. సెంటర్‌కి ముందే ఫోన్ చేసి అడుగు. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులూ పర్లేదు, మాస్క్‌లో నీళ్లొచ్చినప్పుడు కళ్లు మూసుకో.

కడలికన్నె:
వాంతి గురించి చెప్పకుండా వదిలేశారు. బోటు కుదుపుకి నీళ్ల అడుగున కూడా వస్తుంది. రెగ్యులేటర్ తియ్యకూడదు! తీస్తే ఆ వెంటనే లోపలికి పీల్చేది నీళ్లనే. చేత్తో నోటికి నొక్కి పట్టుకుని దాంట్లోంచే కక్కాలి, పర్జ్ బటన్ (రెగ్యులేటర్‌లోంచి గాలి చిమ్మేది) నొక్కి శుభ్రం చెయ్యాలి, మొదటి శ్వాస మెల్లగా తియ్యాలి. ముక్కలు అడ్డం పడితే పసుపు గొట్టం ఆక్టోపస్‌కి (అదనపు రెగ్యులేటర్‌కి) మారాలి. చేపలు గుంపుగా వచ్చి తింటాయి, కంగారు పడకండి. బోటెక్కేముందు ఇడ్లీ లాంటిది తినండి, మిర్చిబజ్జీ ముట్టుకోకండి.