లోయరింగ్ చేసిన (ఎత్తు తగ్గించిన) స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌కి 19 అంగుళాల అలాయ్స్ పడతాయా?

బ్రోస్, నాది ఆర్ఎస్ 245, లోయరింగ్ స్ప్రింగ్స్ వేయించాక బాగానే కిందకి దిగింది, ఇప్పుడు 19x8.5 (వ్యాసం x వెడల్పు, అంగుళాల్లో) ఈటీ 45 (ఆఫ్‌సెట్, అంటే వీల్ మధ్య నుంచి హబ్‌కి బిగించే ముఖం ఎన్ని ఎంఎం బయటికి ఉందో) అలాయ్స్ మీద మనసు పడింది, టైర్ 235/35 (వెడల్పు 235 ఎంఎం, సైడ్‌వాల్ ఎత్తు అందులో 35 శాతం). వెనక ఫెండర్‌కి తగుల్తదా? హైదరాబాద్‌లోనే తిరుగుడు.

రిప్లై 1: స్టాక్‌ది 7.5 వెడల్పు, ఈటీ 51 అనుకుంటే కొత్త వీల్ బయటికి దాదాపు 19 ఎంఎం వస్తది, లోపలికి ఓ 7. స్టాక్ 225/40 ఆర్18 ఎత్తు 637 ఎంఎం, నువ్ చెప్పేది 647. వెనక ముగ్గురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఫెండర్ లోపలి లైనర్‌కి టైర్ గీస్కోడం దాదాపు ఖాయం. పందొమ్మిదే కావాలంటే 225/35 చూడు, 640 దగ్గర ఆగుద్ది.

రిప్లై 2: ఫోటోలకైతే 19 సూపర్ అన్నా, కానీ వానాకాలంలో నీళ్లు నిండిన గుంత కనపడదు, 35 సైడ్‌వాల్ అయితే దెబ్బ నేరుగా రిమ్‌కే. నన్నడిగితే 18x8 ఈటీ 45, టైర్ స్టాక్ సైజే.

రిప్లై 3: పీసీడీ (బోల్ట్ రంధ్రాల సంఖ్య, అవి ఉండే వృత్తం వ్యాసం) 5x112 సరిపోయింది కదా అని కొనేయకండి, సెంటర్ బోర్ (వీల్ మధ్య రంధ్రం) 57.1 ఎంఎం, అలాయ్‌ది పెద్దదైతే ఆ ఖాళీ నింపే హబ్ రింగ్స్ వెయ్యాలి, లేదంటే వంద దాటాక స్టీరింగ్ వణుకుద్ది. బోల్ట్స్ కూడా చూడండి, కంపెనీవి గుండ్రటి సీటు (వీల్‌కి ఆనే భాగం), బయటి అలాయ్స్‌కి ఎక్కువగా కోన్ సీటు. పాతవే బిగించేస్తానంటే ఆ షాపోడికి దణ్ణం పెట్టి వచ్చేయండి.