మన అమ్మాయిల హాకీ జట్టు: రోగం కోచ్‌దా, సెలక్షన్‌దా, పెనాల్టీ కార్నర్‌దా?

గచ్చిబౌలి గ్యాలరీ:
టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత పారిస్‌కి టికెట్టే దొరకలేదు. 2024-25 ప్రో లీగ్‌లో తొమ్మిది జట్లలో ఆఖరున నిలిచి, దాని కింది అంచె టోర్నీ నేషన్స్ కప్‌కి దిగిపోయాం. 2025 ఆసియా కప్ ఫైనల్లో చైనా చేతిలో 1-4తో ఓడాక వరల్డ్ కప్‌కి నేరుగా వెళ్లే దారీ మూసుకుపోయింది. 2026 మార్చిలో వరల్డ్ కప్ క్వాలిఫయర్ మన హైదరాబాద్‌లోనే. 2025 డిసెంబర్‌లో కోచ్ హరేంద్ర సింగ్ తప్పుకున్నారు, జనవరిలో టోక్యో నాటి కోచ్ షోర్డ్ మరీన్ మళ్లీ వచ్చారు. ఇంత తక్కువ టైంలో ఏం బాగుచేయగలరు? "అమ్మాయిలు పోరాడారు" అన్న మాట తప్ప ఇంకేదైనా చెప్పండి.

సర్కిల్ అంచు:
ముందు పెనాల్టీ కార్నర్ సంగతి చూడాలి. సర్కిల్లో, అంటే గోల్ ముందున్న అర్ధవృత్తంలో, డిఫెండర్ తప్పు చేస్తే ఎదుటి జట్టుకి దొరికే ఛాన్స్ అది. 2024 జనవరిలో రాంచీలో ఒలింపిక్ క్వాలిఫయర్‌లో జపాన్ ఆరో నిమిషంలో కార్నర్ మీదే గోలు కొట్టింది. మనకొచ్చిన కార్నర్లలో ఒక్కటీ లోపలికి పోలేదు. 0-1. ఒలింపిక్స్ అక్కడే పోయింది.

అందరూ ఫ్లికర్‌ని తిడతారు గానీ అది ముగ్గురి పని. గోల్ పోస్టుకి కనీసం 10 మీటర్ల అవతల నుంచి ఒకరు బంతి తోస్తారు, సర్కిల్ బయట ఇంకొకరు (స్టాపర్) ఆపుతారు, మూడో మనిషి (ఫ్లికర్) ఫ్లిక్ చేస్తుంది, అంటే బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్లోకి విసురుతుంది. ఆపేటప్పుడు బంతి స్టిక్ మీద జానెడు ఎగిరినా ఫ్లికర్ అడుగు తప్పుతుంది. ఈలోగా మాస్కు పెట్టుకున్న రషర్, అంటే షాట్ ఆపడానికి ఉరికొచ్చే డిఫెండర్, ఎదురుగా వచ్చేస్తుంది. దగ్గర్లో బంతి ఆమె మోకాలి కింద తగిలితే మనకి ఇంకో కార్నర్, పైన తగిలితే డేంజరస్ అని వాళ్లకి ఫ్రీ హిట్. పోనీ ఫ్లిక్ మానేసి హిట్ కొడదామా అంటే, మొదటి షాట్ గోల్ అడుగున ఉండే బోర్డు ఎత్తు, అంటే 460 మి.మీ. దాటకూడదు. కీపర్ అడ్డంగా పడుకుంటే చాలు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, దాని విలువంతా అదే.

టోక్యోలో ఆస్ట్రేలియాని ఓడించింది గుర్జీత్ కార్నర్. 2024లో రాజ్‌గిర్‌లో ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీలో దీపిక 11 గోల్స్, ఫైనల్లో ఏకైక గోలూ ఆమెదే. ఆసియా కప్‌కి ఆమె గాయంతో లేదు. ఒక్క ఫ్లికర్ మీద జట్టంతా వేలాడితే ఇంతే. ఇంకోటి: కార్నర్ ఇచ్చాక అది అయ్యేదాకా సబ్‌స్టిట్యూషన్ కుదరదు. ఆ క్షణానికి ఫ్లికర్ బెంచీ మీదుంటే అంతే సంగతులు. అందుకే ఇద్దరు ఫ్లికర్లు, ఇద్దరు స్టాపర్లు స్క్వాడ్‌లో ఉండి తీరాలి. సెలక్టర్లు తప్పుతున్నది ఇక్కడే.

ఎదురుదాడి:
కార్నర్ కొట్టడం సరే, ఇవ్వడం మాటేంటి? చైనాతో ఫైనల్లో నవనీత్ మొదటి నిమిషంలోనే కార్నర్ మీద గోలు పెట్టింది. అక్కణ్ణుంచి నాలుగు తిన్నాం. లీడ్ కాపాడుకోవడం రాదు మనకి. అలసిపోయాక మిడ్‌ఫీల్డ్ గీతల మధ్య దూరం పెరుగుతుంది, డిఫెండర్లు సర్కిల్లో వెనక నుంచి టాకిల్‌కి దిగుతారు, బంతి కాలికి తగులుతుంది. విజిల్, వాళ్లకి కార్నర్.

టోక్యో తర్వాత షోప్‌మన్, 2024లో హరేంద్ర, ఇప్పుడు మళ్లీ మరీన్. కోచ్ మారిన ప్రతిసారీ ప్రెస్, అంటే బంతి కోసం ఎదుటివాళ్ల మీద ఒత్తిడి, మైదానంలో ఎక్కడ మొదలుపెట్టాలో కొత్తగా నేర్పాలి. దీనికి జవాబు చెప్పాల్సింది మేనేజ్‌మెంటే, అమ్మాయిలు కాదు. నా మటుకు మరీన్ కంటే ఫిట్‌నెస్ చూసే వేన్ లొంబార్డ్ తిరిగి రావడమే పెద్ద వార్త. రెండు నెలల్లో ఫ్లికర్ తయారవదు, కాళ్లలో దమ్ము మాత్రం కొంత తిరిగొస్తుంది.

ప్యాడ్లు:
కీపర్ ఊసే ఎత్తలేదేం? మొదటి కీపర్ సవిత వెనకాల మన చిత్తూరు వైపు యనమలవారిపల్లె రజని ఏళ్ల తరబడి రెండో కీపర్‌గానే ఉండిపోయింది. రెండో కీపర్‌కి పెద్ద మ్యాచ్‌లు ఇవ్వకపోతే మొదటి కీపర్ గాయపడ్డ రోజు తెలిసొస్తుంది. రాంచీ సెమీస్‌లో జర్మనీతో 2-2, ఆపై షూటౌట్‌లో పోయింది. అందులో అటాకర్ ఒక్కతే 23 మీటర్ల గీత నుంచి బంతితో వస్తుంది, ఎనిమిది సెకన్లు టైం, కీపర్ ముందుకొచ్చి కోణం మూయాలి. అది క్యాంపులో ఎంత చేసినా రాదు, మ్యాచ్‌లో రావాలి.

గచ్చిబౌలి గ్యాలరీ:
థాంక్స్ అందరికీ. కార్నర్లు బాగా కనిపించాలంటే ఎక్కడ కూర్చోవాలి?

సర్కిల్ అంచు:
గోల్ వెనక ఎండ్‌లో, కాస్త ఎత్తున. ఫ్లికర్‌ని చూడకండి బాస్, స్టాపర్ స్టిక్‌నే చూడండి. బంతి చచ్చినట్టు ఆగిందా లేదా అన్నదాన్ని బట్టే గోలు పడుతుందో లేదో చెప్పేయొచ్చు.