సెలెబ్రినీ మొదటి సీజన్ నిరాశేనా? లాటరీలో షార్క్స్‌కి అన్యాయం జరిగిందా?

టీల్ జెర్సీ (ప్రశ్న)

అందరికీ నమస్తే. శాన్ హోసేకి వచ్చాకే నాకు ఐస్ హాకీ అలవాటైంది. ఇప్పుడు షార్క్స్ (ఇక్కడి NHL జట్టు) మ్యాచ్ ఉందంటే ఇంట్లో ఇంకో పని జరగదు. అందుకే ఈ బాధ మీతో చెప్పుకుంటున్నాను.

2024 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది) మాక్లిన్ సెలెబ్రినీ మొదటి పిక్‌గా మనకి దక్కినప్పుడు ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను. తీరా చూస్తే 2024–25లో కూడా లీగ్‌లో అట్టడుగునే ఉన్నాం. 20 గెలుపులు, 52 పాయింట్లు. అంతకుముందు ఏడాది 47. అంతటి ఆటగాడు వచ్చాక పెరిగింది ఐదు పాయింట్లేనా? పైగా కాల్డర్ ట్రోఫీ (మేటి రూకీకి, అంటే మొదటి సీజన్ ఆటగాడికి ఇచ్చేది) ఓటింగ్‌లో అతనికి మూడో స్థానం. ట్రోఫీ మాంట్రియల్ డిఫెన్స్‌మన్ లేన్ హట్సన్ పట్టుకెళ్లాడు. మా ఆఫీసులో మాంట్రియల్ అభిమాని ఒకాయన ఉన్నారు. "మొదటి పిక్ అన్నాక మొదటి ఏడాదే దుమ్ము రేపాలి, లేకపోతే మొదటి పిక్ ఎందుకు" అంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు, కానీ గట్టిగా జవాబు చెప్పేంత చరిత్ర నాకు తెలీదు.

రెండోది లాటరీ, అంటే డ్రాఫ్ట్‌లో మొదటి వంతు ఎవరిదో తేల్చే డ్రా. చివరి స్థానంలో ఉన్నది మనం. గెలిచిందేమో అడుగు నుంచి పదో స్థానంలో ఉన్న ఐలాండర్స్, అదీ 3.5 శాతం అవకాశంతో. వాళ్లు మాథ్యూ షేఫర్‌ని తీసుకున్నారు, మనం రెండో పిక్‌కి జారాం. ఇదెక్కడి న్యాయం? చివరి జట్టు అవకాశం ఒకచోట 18.5 శాతం అని, ఇంకోచోట 25.5 అని ఎందుకు రాస్తారో కూడా కాస్త విడమరచి చెప్పండి.

నీలిగీత

ముందు ఆ మూడో స్థానం సంగతి తేల్చుకుందాం. హట్సన్ 82 మ్యాచ్‌లలో 66 పాయింట్లు (ఆటగాడికైతే గోల్‌కి ఒకటి, అసిస్ట్‌కి ఒకటి) చేశాడు. సెలెబ్రినీ 70 మ్యాచ్‌లలో 63: 25 గోల్స్, 38 అసిస్ట్‌లు. తుంటి గాయం వల్ల మొదటి మ్యాచ్ తర్వాత వరుసగా 12 మ్యాచ్‌లు ఆడలేదు. మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లన్నది లెక్క వేస్తే ఇద్దరిలో ముందున్నది సెలెబ్రినీయే. అలాగని హట్సన్‌కి ఓటేసినవాళ్లని తప్పుపట్టను. రూకీ డిఫెన్స్‌మన్ ఒక సీజన్‌లో 60 అసిస్ట్‌లు ఇవ్వడమంటే లారీ మర్ఫీ పేరున్న రికార్డుని అందుకోవడం. అది గొప్ప సీజనే.

ఇప్పుడు ఇది చూడండి. 2023లో మొదటి పిక్ కానర్ బెడార్డ్. రూకీ సీజన్‌లో 68 మ్యాచ్‌లు, 61 పాయింట్లు. జనవరిలో న్యూజెర్సీతో మ్యాచ్‌లో దవడ విరిగి 14 మ్యాచ్‌లు పోయాయి. మ్యాచ్‌కి పాయింట్ల లెక్కలో బెడార్డ్, సెలెబ్రినీ ఇంచుమించు సమానం. అయినా ఒకడికి కాల్డర్ వచ్చింది, ఇంకొకడికి మూడో స్థానం. 2015లో కానర్ మెక్‌డేవిడ్‌ది ఇంకా విడ్డూరం. కాలర్‌బోన్ విరిగి 37 మ్యాచ్‌లు పోయినా ఆడిన 45లో 48 పాయింట్లు చేశాడు, అతనికీ మూడో స్థానమే. ఆ ఏడాది గెలిచిన పనారిన్‌కి 24 ఏళ్లు, రష్యా లీగ్‌లో కొన్ని సీజన్లు ఆడి వచ్చినవాడు. ఆ ఏడాది పోటీలో ఇంకెవరున్నారన్నదే ట్రోఫీ ఎటు పోవాలో తేలుస్తుంది. సెలెబ్రినీ సీజన్ మొత్తం 18 ఏళ్లవాడిగానే ఆడాడు. అతనికంటే ముందు నిలిచిన ఇద్దరిలో హట్సన్ 62వ పిక్, క్యాల్గరీ గోలీ (గోల్‌కీపర్) డస్టిన్ వుల్ఫ్ 214వ పిక్. ఇద్దరూ డ్రాఫ్ట్ అయిన కొన్నేళ్లకి, ముదిరాక వచ్చినవాళ్లు.

ఇక జట్టు. ఐదు పాయింట్లే పెరిగాయని అన్నారు. సీజన్ మధ్యలో మేనేజ్‌మెంట్ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. గోలీ బ్లాక్‌వుడ్‌ని కొలరాడోకి, గ్రాన్‌లండ్‌ని, సెసీని డాలస్‌కి, వాల్‌మన్‌ని ఎడ్మంటన్‌కి, జెటర్లండ్‌ని ఒట్టావాకి పంపేశారు. భవిష్యత్తు పిక్‌ల కోసం చేతిలో ఉన్న మంచి ఆటగాళ్లని ఒక్కొక్కరినే వదులుకుంటూ పోయిన జట్టులో ఆ కుర్రాడు రాత్రికి దాదాపు 20 నిమిషాలు మొదటి లైన్ (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) సెంటర్‌గా ఆడాడు. బయటి ఊళ్లో మ్యాచ్ అయితే ఎదుటివాళ్లు ఎవరిని దింపారో చూసి తనవాళ్లని మార్చుకునే హక్కు ఆ ఊరి జట్టు కోచ్‌ది. సెలెబ్రినీ మంచు మీదకి దిగాడని చూసి తన దగ్గరున్న అతి మంచి డిఫెన్స్ జంటని దింపుతాడు. సాధారణంగా రెండో లైన్‌లో ఇంకో గట్టి సెంటర్ ఉంటే ఆ జంటని రెండుచోట్లా వాడలేరు. ఆ సీజన్‌లో షార్క్స్‌కి ఆ సౌకర్యం లేదు.

అతని మొదటి మ్యాచ్ చూశారా? 2024 అక్టోబర్ 10, సెయింట్ లూయిస్‌తో. ఒక గోల్, ఒక అసిస్ట్, అరీనా అంతా ఊగిపోయింది, చివరికి ఓవర్‌టైమ్‌లో 5–4తో ఓటమి. ఏప్రిల్‌లో మిన్నసోటాలో మొదటి హ్యాట్రిక్ కొట్టి, ఇంకో రెండు అసిస్ట్‌లు ఇచ్చి ఐదు పాయింట్లు చేశాడు. ఆ రాత్రి కూడా ఓవర్‌టైమ్‌లో 8–7తో ఓటమే. ఒక్కడు ఐదు పాయింట్లు చేసినా మ్యాచ్ పోతోందంటే లోపం ఆ ఒక్కడిలో ఉన్నట్టా?

నేను ఇలాంటి కుర్రాడిలో స్కోర్‌షీట్ కంటే ముందు చూసేది పక్ పోగొట్టుకున్నాక ఏం చేస్తాడన్నది. చాలామంది టాలెంటెడ్ పిల్లలు పక్ పోగానే ఒక్క క్షణం తల వంచి ఆగుతారు, లేదా రిఫరీ వైపు చూస్తారు. ఆ ఒక్క క్షణంలోనే అవతలివాళ్లు మన జోన్ హద్దైన నీలిగీత దాటిపోతారు. సెలెబ్రినీ అక్కడికక్కడే తిరుగుతాడు. గట్టిగా మూడు నాలుగు అడుగులు తోసి, వెనక నుంచి ప్రత్యర్థి స్టిక్ కిందకి తన స్టిక్ పోనిచ్చి పైకి లేపి, పక్ మళ్లీ లాక్కుంటాడు. వచ్చే సీజన్‌లో గోల్ రీప్లేలు పక్కన పెట్టి, ఒక పీరియడ్ మొత్తం ఇదొక్కటే గమనించండి. అతను ఎంతదూరం వెళ్తాడో మీకే అర్థమవుతుంది.

మీ ఆఫీసు ఆయనకి చెప్పాల్సింది మాత్రం వేరే ఉంది. 2022లో మొదటి పిక్ మాంట్రియల్‌దే, యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీ. మోకాలి గాయంతో ఆగిపోయేలోపు 39 మ్యాచ్‌లలో 10 పాయింట్లు. తర్వాతి ఏడాది 50 చేశాడు, జట్టు ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. వాళ్ల కుర్రాడికి ఇచ్చిన ఓపిక మన కుర్రాడికీ ఇమ్మనండి.

క్రీజ్‌దగ్గర

నీలిగీత గారు జో థోర్న్‌టన్ పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యం. 1997 మొదటి పిక్, బోస్టన్‌లో 55 మ్యాచ్‌లు ఆడి మొత్తం ఏడు పాయింట్లు. కాల్డర్ గెలిచింది అదే జట్టులో అదే డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్ అయిన శామ్సనోవ్. థోర్న్‌టన్ 2006లో షార్క్స్ జెర్సీలో హార్ట్ ట్రోఫీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చేది) గెలిచాడు. సెలెబ్రినీ రూకీ సీజన్‌లో ఉన్నది ఆ థోర్న్‌టన్ ఇంట్లోనే. మొదటి ఏడాది ఎంత నలిగిపోవచ్చో స్వయంగా అనుభవించిన మనిషి ఇంట్లో ఉండటం ఆ వయసు కుర్రాడికి ఎంత ధైర్యమో!

జాక్ హ్యూస్‌ది కూడా అదే దారి. 2019 మొదటి పిక్, రూకీగా 61 మ్యాచ్‌లలో 21 పాయింట్లు. 2022–23 నాటికి 99.

బఫెలోవాసి

లాటరీ గురించి నేను చెప్తాను, ఎందుకంటే మా ఊరి జట్టు దానివల్ల బాగా దెబ్బతింది. అయినా లాటరీ ఉండాలనే అంటాను.

ముందు లెక్క. 1 నుంచి 14 వరకు అంకెలున్న బంతుల్లోంచి నాలుగు తీస్తారు. అలా వచ్చే కలయికలు 1001. ఒకదాన్ని పక్కనపెట్టి మిగతా 1000ని ప్లేఆఫ్స్‌కి (కప్పు కోసం జరిగే చివరి రౌండ్లకి) వెళ్లని 16 జట్లకి పంచుతారు. చివరి జట్టుకి 185 కలయికలు. మీరు చూసిన 18.5 శాతం అదే. కానీ 2022 నుంచి ఒక నిబంధన ఉంది. గెలిచిన జట్టు పది స్థానాలకు మించి పైకి రాకూడదు. అంటే అట్టడుగు నుంచి 12వ స్థానం మొదలుకొని 16 వరకు ఉన్న ఐదు జట్లు డ్రా గెలిచినా మొదటి పిక్ వాటికి అందదు, అది చివరి జట్టు దగ్గరే ఉండిపోతుంది. ఆ ఐదింటి అవకాశాలు కలిపితే 7 శాతం. 18.5కి 7 కలపండి, 25.5.

రెండో డ్రా ఇంకోటి ఉంటుంది. 2025లో అది యూటాకి తగిలింది, 14 నుంచి నాలుగుకి వచ్చింది. అందుకే మీరు రెండోదాంట్లో ఆగారు. రెండు డ్రాలూ ఎదురు తిరిగినా చివరి జట్టు మూడో పిక్ కంటే కిందకి జారదు.

ఇప్పుడు న్యాయం సంగతి. ఒకప్పుడు చివరి స్థానమంటే మొదటి పిక్ గ్యారంటీ. 1983–84లో పిట్స్‌బర్గ్ 38 పాయింట్లతో, న్యూజెర్సీ 41తో ముగించాయి. ఆ మూడు పాయింట్ల తేడాతో మారియో లెమ్యూ పిట్స్‌బర్గ్‌కి దక్కాడు. కావాలనే ఓడారన్న మాట ఇప్పటికీ వినపడుతుంది. 1993లో ఒట్టావా డేగ్ల్‌ని తీసుకున్నప్పుడూ అదే అనుమానం, అందుకే 1995లో లాటరీ వచ్చింది.

2015 మార్చి 26న బఫెలోలో మా సేబర్స్‌కీ, అరిజోనాకీ మ్యాచ్. రెండూ అడుగున ఉన్న జట్లే, ఇద్దరి కళ్లూ మెక్‌డేవిడ్ మీదే. ఓవర్‌టైమ్‌లో అరిజోనా తరఫున సామ్ గాగ్నర్ గోల్ కొట్టగానే మా అరీనాలో మా జనమే కేరింతలు కొట్టారు. నేను టీవీలో చూస్తున్నాను. మావాళ్లు తలలు వంచుకుని సొరంగం వైపు వెళ్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. ఆ కుర్రాళ్లు దెబ్బలు తింటూ, పక్‌కి అడ్డంపడుతూ అరవై నిమిషాలు పోరాడారు. సొంత ఊరివాళ్లు తమ ఓటమికి సంబరపడేలా చేసే పద్ధతి ఏదైనా సరే, అది క్రీడకి చెరుపు. చివరికి లాటరీలో మేం 20 శాతంతో ఓడిపోయాం, 11.5 శాతంతో ఎడ్మంటన్ గెలిచింది. ఆరేళ్లలో వాళ్లకది నాలుగో మొదటి పిక్. మాకు ఐకెల్ వచ్చాడు. అతను స్టాన్లీ కప్ ఎత్తింది 2023లో, వేగస్‌లో.

ఎర్రగీత

బఫెలోవాసి గారి బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఒక మాట ఒప్పుకోలేను. పదో స్థానం నుంచి మొదటికి రావడం మరీ ఎక్కువ. ప్లేఆఫ్స్‌కి కాస్తలో తప్పిపోయిన జట్టుకి, అయిదారేళ్లుగా ప్లేఆఫ్స్ ముఖమే చూడని జట్టుకి ఒకే ఆశ చూపించడం సరికాదు. ఎగబాకే హద్దు పది బదులు నాలుగో ఐదో పెడితే సరిపోతుంది. 1995లో మొదలుపెట్టినప్పుడు హద్దు నాలుగే. ఆ ఏడాది లాస్ ఏంజెలిస్ గెలిచినా ఏడో స్థానం నుంచి మూడుకే వచ్చింది, మొదటి పిక్ ఒట్టావా దగ్గరే ఉండిపోయింది. లాటరీ గెలిచి పైకి రావడం ఐదేళ్లలో రెండుసార్లకు మించి కుదరదన్న ఇప్పటి నియమం మాత్రం మంచిదే. ఎడ్మంటన్ కథ మళ్లీ జరగకూడదు.

టీల్ జెర్సీ

అందరికీ చాలా థాంక్స్. 25.5 లెక్క ఇన్నాళ్లకి తలకెక్కింది. బఫెలోవాసి గారూ, ఆ మ్యాచ్ గురించి చదివాక అన్యాయం అన్న మాట మళ్లీ వాడబుద్ధి కావడం లేదు. అయినా షేఫర్ మిస్సయ్యాడన్న దిగులు మాత్రం ఉంది. మనకి కావాల్సింది డిఫెన్స్‌మనే కదా?

నీలిగీత

దిగులు సహజం. కాలర్‌బోన్ విరిగి జూనియర్‌లో 17 మ్యాచ్‌లే ఆడినా అతన్నే మొదట తీసుకున్నారంటే వాళ్లకి ఎంత నమ్మకమో చూడండి. కానీ మనకొచ్చిన మైకల్ మీసా సాగినా జూనియర్ జట్టులో 65 మ్యాచ్‌లలో 62 గోల్స్, 134 పాయింట్లు చేసిన సెంటర్. పైన చెప్పానే, రెండో లైన్‌లో గట్టి సెంటర్ లేక అందరి డిఫెన్స్ సెలెబ్రినీ మీదే పడుతోందని. ఆ ఖాళీకి సరిగ్గా సరిపోయేవాడు. విల్ స్మిత్ రూకీగా 45 పాయింట్లు చేసి ఇప్పటికే ఉన్నాడు. డిఫెన్స్‌మన్‌ని ట్రేడ్‌లో తెచ్చుకోవచ్చు, అలాంటి సెంటర్‌ని మార్కెట్లో ఎవరూ అమ్మరు.

మీసా మొదటి సీజన్ 2025–26లో గమనించాల్సింది ఒకటి ఉంది. 18 ఏళ్లవాడు తొమ్మిది మ్యాచ్‌ల వరకు ఆడితే మూడేళ్ల మొదటి కాంట్రాక్ట్ లెక్క మొదలవడం ఒక ఏడాది వాయిదా పడుతుంది, పదోది ఆడాడంటే మొదటి ఏడాది ఖర్చయినట్టే. సెలెబ్రినీ మొదటి కాంట్రాక్ట్ 2026–27 వరకే. ఆ సీజన్‌లో మీసాని పదో మ్యాచ్‌కి దింపడమంటే ఇద్దరినీ అప్పటినుంచే కలిపి ఆడించాలని మేనేజ్‌మెంట్ నిర్ణయించుకోవడమే. నా మాటైతే దింపాలనే.