పాత ల్యాప్‌టాప్‌లో డాస్ గేమ్స్: ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఓపెన్ కావట్లేదు, సాయం చేయండి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మూలన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి బయటికి తీశాను. డ్యుయల్ కోర్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7 64 బిట్. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మొరాయిస్తోంది కాబట్టి, దీన్ని అచ్చంగా పాత గేమ్స్ కోసమే ఉంచుకుందామనుకున్నాను. నా పాత సీడీల్లోంచి ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డూమ్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తీసుకున్నాను. మొదటి రెండింటి మీద డబుల్ క్లిక్ చేస్తే ఈ విండోస్‌లో ఈ ఫైల్ నడవదని మెసేజ్ వస్తోంది. కంపాటిబిలిటీ మోడ్‌లో (పాత విండోస్‌లా ప్రవర్తించమని చెప్పే సెట్టింగ్) విండోస్ 95 పెట్టి చూసినా అదే మాట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఓపెన్ అవుతోంది గానీ నీళ్లు, గడ్డి అన్నీ ఊదా, ఎరుపు మచ్చలుగా కనిపిస్తున్నాయి. విండోస్ 98 ఇన్‌స్టాల్ చేయడం తప్ప వేరే దారి లేదా?

జవాబు:

విండోస్ 98 జోలికి పోకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కి, సౌండ్‌కి 98 డ్రైవర్లు దొరకడం దాదాపు అసాధ్యం. ఎలాగోలా ఇన్‌స్టాల్ అయినా స్క్రీన్‌లో 16 రంగులే కనిపిస్తాయి, స్పీకర్లు పలకవు. దానికోసం రెండు రోజులు వృథా చేసుకోవడం ఎందుకు?

ముందు ఒకటి చూసుకోవాలి. ఏ పద్ధతి వాడాలన్నది ల్యాప్‌టాప్‌ని బట్టి కాదు, గేమ్ ఏ కాలానిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా డాస్ వెర్షన్ 1990లో, డూమ్ 1993లో వచ్చాయి. రెండూ డాస్ గేమ్స్, అంటే విండోస్ రాజ్యమేలకముందు పీసీల్లో ఉండే, కమాండ్లు టైప్ చేసి నడిపే డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసినవి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 1997లో విండోస్ 95 కోసం వచ్చింది, దాని జబ్బు వేరే.

64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. కంపాటిబిలిటీ మోడ్ ఉన్నదాన్ని కాస్త సర్దగలదు తప్ప లేనిదాన్ని తెచ్చిపెట్టలేదు. అందుకే మీకు ఫలితం రాలేదు.

డాస్‌బాక్స్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, 2002 నుంచీ ఉంది. పాత ప్రాసెసర్, పాత గ్రాఫిక్స్, సౌండ్ బ్లాస్టర్ అనే అప్పటి సౌండ్ కార్డు అన్నింటినీ సాఫ్ట్‌వేర్‌తోనే సృష్టించి, అందులో డాస్ గేమ్ నడుపుతుంది. దాని అసలు సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. కమాండ్లు టైప్ చేయాలేమోనని కంగారు పడక్కర్లేదు. గేమ్ ఫోల్డర్‌ని సి డ్రైవ్‌లోకి కాపీ చేసి, అందులోని గేమ్ ఫైల్‌ని మౌస్‌తో లాక్కెళ్లి డెస్క్‌టాప్ మీదున్న డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదలండి. ఆ ఫోల్డర్‌నే సి డ్రైవ్‌గా తీసుకుని గేమ్ మొదలవుతుంది. ఫుల్ స్క్రీన్‌కి ఆల్ట్ ఎంటర్. మౌస్ లోపల ఇరుక్కుపోతే కంట్రోల్ ఎఫ్10 నొక్కండి, బయటికి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్సండి! ప్రిన్స్ మొదటిసారికే నడిచింది. ఆ మ్యూజిక్ వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కానీ మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఫుల్ స్క్రీన్‌లో మనిషి పొట్టిగా, లావుగా కనిపిస్తున్నాడు. రెండు, కత్తియుద్ధం మధ్యలో విండోస్ బాక్స్ ఒకటి పైకి వచ్చి గేమ్ మినిమైజ్ అవుతోంది, ఈలోగా నా పని అయిపోతోంది. మూడు, డూమ్ నత్తనడక నడుస్తోంది, సౌండ్ కరకరలాడుతోంది.

జవాబు:

రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది డాస్‌బాక్స్ తప్పు కాదు. ప్రిన్స్‌లో కత్తి దూయడానికి, ఆచితూచి అడుగు వేయడానికి, సీసా తీసుకోవడానికి అన్నింటికీ షిఫ్ట్ కీనే. యుద్ధంలో దాన్ని టకటకా నొక్కుతాం. విండోస్‌లో షిఫ్ట్ కీని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. మీరు చూస్తున్న బాక్స్ అదే. కంట్రోల్ ప్యానెల్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్‌కి వెళ్లి, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఐదుసార్లు షిఫ్ట్ నొక్కితే స్టికీ కీస్ ఆన్ అయ్యే షార్ట్‌కట్ దగ్గర టిక్ తీసేయండి. మళ్లీ రాదు.

పొట్టితనం సంగతి. ఆ గేమ్స్ 320 x 200 చుక్కల్లో గీసినవి. అప్పటి మానిటర్ 4:3 నిష్పత్తిలో ఉండేది కాబట్టి ఆ 200 వరసలు నిలువుగా సాగి, స్క్రీన్ అంతా నిండేవి. ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉండేది. బొమ్మలు గీసినవాళ్లు ఆ లెక్క మనసులో పెట్టుకునే గీశారు. అందుకే దీన్ని సరిచేసుకోవడం నా దృష్టిలో తప్పనిసరి, గేమ్ అసలు అందం అప్పుడే తెలుస్తుంది. స్టార్ట్ మెనూలో డాస్‌బాక్స్ ఫోల్డర్‌లో ఆప్షన్స్ అని ఉంటుంది, నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఔట్‌పుట్ దగ్గర ఓపెన్‌జీఎల్, ఫుల్ రిజల్యూషన్ దగ్గర డెస్క్‌టాప్, యాస్పెక్ట్ దగ్గర ట్రూ అని మార్చి సేవ్ చేయండి. స్క్రీన్‌కి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. అవి రావాలి, వాటిని తీసేయాలని చూడకండి.

ఇక డూమ్. ఛార్జర్ పెట్టి ఆడుతున్నారా, బ్యాటరీ మీదా? బ్యాటరీ మీదైతే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. డాస్‌బాక్స్ పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది కాబట్టి ఆ తేడా వెంటనే కనిపిస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టి, ఛార్జర్ తగిలించి చూడండి. ల్యాప్‌టాప్ అడుగున గాలి వెళ్లే జాలీలో దుమ్ము పేరుకుని ఉంటే అదీ శుభ్రం చేయండి. వేడెక్కినా ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, అప్పుడు మొదట పాడయ్యేది సౌండే. పరుపు మీద, దిండు మీద పెట్టి మాత్రం ఆడకండి.

అయినా కరకర పోకపోతే అదే ఆప్షన్స్ ఫైల్‌లో మిక్సర్ విభాగంలో ప్రీబఫర్ అని ఉంటుంది. 20 ఉంటే 40 చేయండి. సౌండ్ వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది గానీ తెగదు. డూమ్ సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ ఎంచుకున్నాక పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 ఇవ్వండి. డాస్‌బాక్స్ మామూలుగా చూపించే కార్డు అంకెలు అవే.

ఇంకొకరి జవాబు:

పై సలహాలన్నీ సరైనవే, కానీ డూమ్‌కి డాస్‌బాక్స్ అవసరమే లేదండి. డూమ్ సోర్స్ కోడ్‌ని (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) 1997లోనే బయటపెట్టారు. దాని ఆధారంగా వచ్చిన చాకొలేట్ డూమ్ నేరుగా విండోస్‌లోనే నడుస్తుంది, కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కి బరువే కాదు. పాత గేమ్ ఎలా ఉండేదో అలాగే ఉంచాలన్నది దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం. మీ సీడీలోని వ్యాడ్ ఫైల్‌ని (గేమ్ లెవెల్స్, బొమ్మలు, సౌండ్లు ఉండే ఫైల్) దాని ఫోల్డర్‌లో పెడితే చాలు. సీడీ లేనివాళ్లకి షేర్‌వేర్‌గా వదిలిన మొదటి ఎపిసోడ్, తొమ్మిది లెవెల్స్, ఉచితమే. ప్రిన్స్‌కి కూడా ఇలాంటిదే ఎస్‌డీఎల్ పాప్ అని ఉంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రంగుల సంగతి చెప్తాను. ఆ గేమ్ 256 రంగుల పట్టిక ఒకటి తయారుచేసుకుని దాంతోనే బొమ్మంతా వేస్తుంది. విండోస్ 7 డెస్క్‌టాప్‌ని నడిపే ఎక్స్‌ప్లోరర్ మధ్యలో దూరి ఆ పట్టికని మార్చేస్తుంది. పచ్చగా ఉండాల్సిన చోట ఊదా రంగు రావడానికి కారణం అదే. గేమ్ పాడవలేదు. తాత్కాలికంగా అయితే టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపేసి గేమ్ ఆడి, తర్వాత అక్కడే న్యూ టాస్క్‌లో మళ్లీ మొదలుపెట్టొచ్చు. రోజూ అదే తంతు విసుగు కదా. సీఎన్‌సీ డీడ్రా అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెచ్చి, దాని ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లో పెట్టండి. పాత విండోస్ గేమ్స్ బొమ్మలు వేయడానికి వాడుకునే డైరెక్ట్‌డ్రా అనే భాగం పనిని అది ఇప్పటి గ్రాఫిక్స్‌కి తగ్గట్టు మార్చి చేస్తుంది. నేను రెండోదే మంచిదంటాను.

ఇంకో ముఖ్యమైన మాట. 1990ల చివరి నుంచి వచ్చిన కొన్ని సీడీ గేమ్స్‌లో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. 2015లో మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో దాని డ్రైవర్‌ని ఆపేసింది. మీ సీడీ ఒరిజినలే అయినా గేమ్ మొదలుకాకపోవచ్చు. అలాంటప్పుడు క్రాక్ ఫైళ్ల కోసం ఊరూపేరూ లేని సైట్లలో వెతక్కండి. వైరస్‌లు ఎక్కువగా వచ్చేది అలాంటి ఫైళ్లతోనే. గేమ్స్ అమ్మే జీఓజీ అనే సైట్‌లో ఆ గేమ్ ఉందేమో చూడండి. ఇప్పటి విండోస్‌లో నడిచేలా సర్ది, కాపీ రక్షణ లేకుండా అమ్ముతారు.

వేరొకరి ప్రశ్న:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను డాస్‌బాక్స్‌లో సైకిల్స్ (దాని ప్రాసెసర్ ఎంత వేగంగా నడవాలో చెప్పే సెట్టింగ్) దగ్గర మ్యాక్స్ అని పెట్టాను, వేగం ఎక్కువ ఉంటే మంచిదే కదా అని. ఇప్పుడు ఒక గేమ్ కళ్లకి అందనంత వేగంగా పరుగెడుతోంది. ఇంకొకటి ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోతోంది.

జవాబు:

రెండిటికీ కారణం ఆ మ్యాక్సే. అప్పటి కొన్ని గేమ్స్‌లో వేగానికి గడియారం అంటూ ఉండదు, ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కలు చేస్తే గేమ్ అంత వేగంగా కదులుతుంది. ఎర్రర్ 200 టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన ప్రోగ్రాములకు వస్తుంది. మొదలవగానే ప్రాసెసర్ వేగాన్ని కొలిచే లెక్క ఒకటి అందులో ఉంటుంది. ప్రాసెసర్ మరీ వేగంగా ఉంటే ఆ భాగహారం ఫలితం దానికి కేటాయించిన చోటులో పట్టక ప్రోగ్రాం ఆగిపోతుంది. సైకిల్స్‌ని మళ్లీ ఆటోకి మార్చండి, లేదా 3000 అని పెట్టండి. తర్వాత గేమ్ ఆడుతూనే కంట్రోల్ ఎఫ్11తో తగ్గిస్తూ, కంట్రోల్ ఎఫ్12తో పెంచుతూ సరైన చోట ఆపండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వాటితో పాటు ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

రంగులు సరిగ్గా వచ్చేశాయి, ఛార్జర్ పెట్టగానే డూమ్ కూడా పరుగెత్తింది. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. చివరిగా ఒకటి. ప్రిన్స్‌లో గంటలోపు రాకుమారిని చేరాలి కదా, మధ్యలో ఆపి మళ్లీ ఆడే వీలుందా?

జవాబు:

ఉంది. మూడో లెవెల్ నుంచి కంట్రోల్ జి నొక్కితే సేవ్ అవుతుంది. మళ్లీ గేమ్ తెరిచినప్పుడు కంట్రోల్ ఎల్. సేవ్ చేసిన లెవెల్ మొదటి నుంచి ఆడాలి, మిగిలిన సమయం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఒక లెవెల్‌లో ఎక్కువ నిమిషాలు పోయాయనిపిస్తే సేవ్ చేయకుండా పాత సేవ్ నుంచే మళ్లీ ప్రయత్నించండి.